ఒక్క అంచు గీస్తే చాలు



బొమ్మల గురించి రేడియోలో మాట్లాడటం కాస్త విడ్డూరమే. నేను చూపించలేను, మీరు చూడలేరు. అందుకని చిన్న ఏర్పాటు చేసుకుందాం. దగ్గర్లో పాత శుభలేఖ గానీ, అట్టపెట్టె ముక్క గానీ ఉంటే తీసి పక్కన పెట్టుకోండి. ఒక కత్తెర, ఒక పెన్సిలు, కాస్త సెల్లోటేపు. ఫోను ఎలాగూ చేతిలోనే ఉంటుంది. ఈ పూట మనకి అట్టా, ఫోనూ రెండూ కావాలి.

ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా కాలిబాటల మీదా, బడి ఆవరణల్లోనూ సిమెంటు పేవర్ బ్లాకులు పరుస్తున్నారు. వాటిలో ఒక రకానికి అంచులు తిన్నగా ఉండవు, మెలికలు తిరిగి ఉంటాయి. ఒకదాని గుంటలో పక్కదాని మిట్ట వచ్చి కూర్చుంటుంది. మధ్యలో సిమెంటు పూయరు, అయినా ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటాయి. ఇలా ఒకే ఆకారం, లేదా రెండు మూడు ఆకారాలు, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఎంత దూరమైనా పరుచుకుంటూ పోతే ఆ కూర్పుని టెసలేషన్ అంటారు. రోజూ దాని మీద నడుస్తూనే ఉన్నాం. ఇవాళ చెప్పబోయేది అలాంటి కూర్పుల్ని ఇంట్లో కూర్చుని, కంప్యూటరు మీదో ఫోను మీదో, పైసా ఖర్చు లేకుండా తయారు చేసుకోవడం గురించి.

ముందు కొంచెం లెక్క. భయపడకండి, ఇది హైస్కూలు దాటదు. నేల మీద ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క చుట్టూ ఉన్న కోణం మొత్తం 360 డిగ్రీలు. టైళ్ళ మూలలన్నీ ఆ చుక్క దగ్గర కలిస్తే వాటి కోణాల మొత్తం కచ్చితంగా 360 కావాలి. చదరం మూల 90, నాలుగు పడతాయి. సమబాహు త్రిభుజం మూల 60, ఆరు పడతాయి. తేనెపట్టు గదిలా ఉండే షడ్భుజి మూల 120, మూడు పడతాయి. పంచభుజి దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. దాని మూల 108. మూడు పెడితే 324 అయింది, ఇంకా 36 డిగ్రీల సందు మిగిలింది, అందులో నాలుగోది దూరదు. ఏడు భుజాలు, ఆపైన అయితే మూల 120 దాటిపోతుంది, మూడు కూడా ఇమడవు. అన్ని భుజాలూ అన్ని కోణాలూ సమానంగా ఉన్న ఒకే ఆకారంతో నేలంతా నింపాలంటే ఆ మూడింటితోనే తీరాలి.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అసలు సంగతి, భుజాలు సమానంగా ఉండాలన్న పట్టుదల వదిలేశాక మొదలవుతుంది. మీరు ఇష్టమొచ్చినట్టు ఒక నాలుగు గీతల బొమ్మ గీయండి. ఏ భుజానికీ ఏ భుజంతో పోలిక ఉండక్కర్లేదు, ఎంత వంకరగానైనా ఉండొచ్చు. ఆ చతుర్భుజంతో నేలంతా నింపవచ్చు. ఏ చతుర్భుజమైనా సరే! ఈ మాట మొదటిసారి విన్నవాళ్ళు నమ్మరు. నమ్మించడానికి నల్లబల్ల చాలదు. ఆన్‌లైన్ పనిముట్టు విలువ సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది.

జియోజీబ్రా అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో తన చదువులో భాగంగా మొదలుపెట్టాడు. ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఫోనులోనూ పనిచేస్తుంది. అందులో పాలిగన్ అనే మీట నొక్కి నాలుగు చుక్కలు పెట్టండి, మళ్ళీ మొదటి చుక్క మీద నొక్కండి. చతుర్భుజం వచ్చింది. మిడ్‌పాయింట్ అనే మీటతో ఒక్కో భుజానికీ నడిమి చుక్క పెట్టండి. తరవాత రిఫ్లెక్ట్ ఎబౌట్ పాయింట్ అనే మీట ఎంచుకుని, ముందు చతుర్భుజాన్నీ, వెంటనే ఒక నడిమి చుక్కనీ తాకండి. చతుర్భుజం ఆ చుక్క చుట్టూ సగం తిరిగి, తలకిందులై పక్కన వాలుతుంది. మధ్యలో సందు ఉండదు, ఎందుకంటే తిరిగేటప్పుడు ఆ భుజం తన మీద తానే పడుతుంది. మిగతా మూడు భుజాల దగ్గరా ఇదే పని చేయండి. కొత్తగా వచ్చిన వాటి భుజాల దగ్గరా చేస్తూ పొండి. కాసేపటికి తెర నిండుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే మొదట గీసిన చతుర్భుజం మూల ఒకటి పట్టుకుని లాగండి. తెర మీద ఉన్నవన్నీ దాంతోపాటే కదులుతాయి. భుజాలు ఒకదాన్నొకటి దాటనంతవరకూ ఎటు లాగినా సందు పడదు. మూలని లోపలికి నొక్కి బాణం మొనలా చేసినా పడదు. నేను ఈ ఒక్కటి చూపించగానే నోరు తెరిచిన పిల్లల్ని చూశాను, పిల్లలకంటే ఎక్కువగా నోరు తెరిచిన లెక్కల మాస్టార్లనీ చూశాను. కారణం చెప్పాక, ఓస్ ఇంతేనా అంటారు. చతుర్భుజంలో నాలుగు కోణాల మొత్తం 360. ఇలా తిప్పుతూ పోతే మూలలు కలిసే ప్రతి చుక్క దగ్గరా ఆ నాలుగు కోణాలూ ఒక్కొక్కసారి వచ్చి చేరతాయి. అంతే. కాగితం మీద ఇదే పని చేయాలంటే ఆకారం మార్చిన ప్రతిసారీ మొదటినుంచి గీయాలి. అందువల్ల జనం ఒక్క ఆకారంతో ఆగిపోయేవారు. తెర మీద వంద ఆకారాలు ఒక్క నిమిషంలో చూసేస్తాం. అప్పటిదాకా ఒక ఉదాహరణగా ఉన్నది నియమంగా కళ్ళముందు నిలబడుతుంది.

ఇప్పుడు ఆ అట్ట అందుకోండి. రెండంగుళాల చదరం ఒకటి కత్తిరించండి. ఎడమవైపు పై మూల నుంచి కింది మూల దాకా కత్తెరని తిన్నగా కాకుండా మెలికలు తిప్పుతూ పోనివ్వండి. ఒక ముక్క ఊడి వస్తుంది. ఆ ముక్కని తిప్పకుండా, బోర్లించకుండా, అలాగే కుడివైపుకి జరిపి ఆ అంచుకి టేపు వేసి అతికించండి. తరవాత పై అంచు నుంచి ఇంకో ముక్క కోసి కింది అంచుకి అతికించండి. మీ చేతిలో ఒక వింత ఆకారం ఉంటుంది. దాన్ని తెల్లకాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పండి. పక్కకి జరిపి మళ్ళీ తిప్పండి. కిందికి జరిపి మళ్ళీ. కాగితం నిండిపోతుంది, సందు ఉండదు. ఎడమన పోయినది కుడిన చేరింది, పైన పోయినది కింద చేరింది, వైశాల్యం పైసా తగ్గలేదు, పెరగలేదు.

తెర కంటే ముందు అట్టతో చేయమనడానికి కారణం ఉంది. తెర మీద ఎడమ అంచు లాగితే కుడి అంచు తనంతట తాను మారిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది, కాని ఎందుకు మారిందో తెలియదు. కత్తెరతో కోసిన ముక్కని వేళ్ళతో పట్టుకుని అవతలికి మోసుకెళ్ళినవాడికి చెప్పక్కర్లేదు. ఒక్కసారి అట్టతో చేశాక తెర దగ్గరికి వెళ్ళండి, అక్కడ జరిగేది మీకు మాయలా కనిపించదు. నేరుగా తెరతో మొదలుపెట్టిన పిల్లలు చాలామంది రంగులు మారుస్తూ కూర్చుంటారు, అంచు జోలికి పోరు. టెసలేషన్‌లో మనం నిజంగా గీసేది అంచొక్కటే, మిగతాదంతా దాని నకలు.

ఈ విద్యని ప్రపంచానికి చూపించినవాడు డచ్చి చిత్రకారుడు ఎషర్. 1898లో పుట్టి 1972లో పోయాడు. స్పెయిన్‌లో గ్రనాడా పట్టణంలో అల్‌హంబ్రా అని నస్రిద్ సుల్తానులు కట్టించిన కోట ఉంది. దాని గోడలనిండా రంగు టైళ్ళ అల్లికలే. ఎషర్ దాన్ని 1922లో ఒకసారి చూశాడు. 1936లో భార్యతో కలిసి మళ్ళీ వెళ్ళి, రోజుల తరబడి కూర్చుని ఆ అల్లికలకి నకళ్ళు తీసుకున్నాడు. ఆ గోడల మీద ఉన్నవన్నీ రేఖాగణితపు ఆకారాలు. వాటి బదులు చేపలు, పక్షులు, బల్లులు పెడితే ఏం అన్న ఆలోచన అతన్ని జన్మంతా వదల్లేదు. అతని అన్న బెరెండ్ లైడెన్‌లో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. తమ్ముడి బొమ్మలు చూసి, ఇలాంటివి స్ఫటిక శాస్త్రం పత్రికల్లో ఉంటాయని దారి చూపించాడు. అక్కడ ఎషర్‌కి దొరికింది గణితవేత్త పోయా 1924లో రాసిన వ్యాసం. అందులోని లెక్క అతని తలకెక్కలేదు. కాని పోయా పక్కనే 17 బొమ్మలు వేశాడు. ఎషర్ ఆ 17నీ నోటుపుస్తకంలోకి దించుకున్నాడు, వాటితోనే తన దారి వేసుకున్నాడు.

ఆ 17 ఏమిటంటే, ఒక బొమ్మని తలమంతా పరిచేందుకు ఉన్న పద్ధతులు. మనం చేయగలిగిన కదలికలు నాలుగే. జరపడం ఒకటి, తిప్పడం రెండు, అద్దంలో చూపినట్టు బోర్లించడం మూడు. నాలుగోది జరుపుతూ బోర్లించడం. తడికాళ్ళతో గచ్చు మీద నడిస్తే పడే అడుగులు చూడండి, ఎడమ పాదం ముద్ర కుడి పాదం ముద్రకి ప్రతిబింబమే, కాని ఒక అడుగు ముందుకి జరిగి ఉంటుంది. ఈ నాలుగింటినీ ఎన్ని రకాలుగా కలిపినా, రెండు దిక్కులకీ పరుచుకునే కూర్పులు 17 రకాలకి మించి లేవు. రష్యాలో ఫెదొరోవ్ అనే స్ఫటిక శాస్త్రజ్ఞుడు 1891లోనే దీన్ని నిరూపించాడు. గోడ కాగితాలు, చీరల అద్దకాలు, పరుపు గుడ్డలు, ఏవి తీసుకున్నా, రెండు దిక్కులా మళ్ళీ మళ్ళీ వచ్చే డిజైనైతే ఆ 17లో ఎక్కడో ఒక చోట పడాల్సిందే.

ఈ 17 పద్ధతులనీ మీటల్లా పెట్టి ఇచ్చే పనిముట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. ఎషర్‌స్కెచ్ అని ఒకటి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పద్ధతి ఎంచుకుని వేలితో ఒక గీత గీస్తే, అదే గీత తెరంతా తన పద్ధతి ప్రకారం తిరుగుతూ బోర్లుతూ పరుచుకుంటుంది. పద్ధతి మార్చి అదే గీత మళ్ళీ గీయండి, ఇంకో లోకం వస్తుంది. ఇక ఇంక్‌స్కేప్ ఉంది. ఇది దింపుకోవాల్సిన సాఫ్ట్‌వేర్, ఒకసారి దింపుకున్నాక నెట్ అక్కర్లేదు. సిగ్నలు సరిగా లేని ఊళ్ళలో ఉన్నవాళ్ళకి నేను దీన్నే చెబుతాను. అందులో టైల్డ్ క్లోన్స్ అనే చోట ఆ 17 పద్ధతులూ వరసగా ఉంటాయి. అసలు బొమ్మని మారిస్తే నకళ్ళన్నీ దాంతోపాటే మారతాయి. చిన్నపిల్లలకైతే పాలీప్యాడ్ మంచిది. ఆకారాల్ని లాగి పక్కపక్కన వదిలితే అంచుకి అంచు టక్కున అతుక్కుంటుంది. పిల్లలు గంటలకొద్దీ వదలరు. అందులో ముగ్గు ముక్కలు కూడా ఉన్నాయి, తమిళుల కోలం పేరుతో. మన మెలికల ముగ్గు వచ్చినవాళ్ళకి వాటిని పరిచయం చేయక్కర్లేదు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రెగ్ కాప్లన్ తయారుచేసిన టాక్‌టైల్. అది 17 రకాల లెక్క కాదు, టైలు అంచుల లెక్క. ఒకే టైలుతో, ప్రతి టైలుకీ కూర్పులో ఒకే హోదా ఉండేలా నింపే పద్ధతుల్ని గ్రూన్‌బామ్, షెఫర్డ్ అనే ఇద్దరు గణితవేత్తలు 81గా తేల్చారు. వాటిలో ఒకటి ఎంచుకుంటే, ఏ అంచు ఏ అంచుకి జత అన్నది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. మనకి మిగిలింది అంచుని పట్టుకుని వంచడం. ఇందాకటి అట్టముక్కని ఒకే రకంగా, జరపడం ఒక్కటే చేస్తూ పరిచాం. ఇక్కడ ఒక అంచు తన మీద తాను సగం తిరగొచ్చు, ఇంకో అంచు బోర్లి పక్క అంచుకి జత కావచ్చు. చేత్తో అయితే ఒక్కో రకానికీ ఒక పూట పట్టేది.

ఇక్కడ కృష్ణా జిల్లా పెడన సంగతి చెప్పుకోవాలి. అక్కడ చేసే మచిలీపట్నం కలంకారీ అంటే కలంతో గీసేది కాదు, అది శ్రీకాళహస్తిలో. ఇక్కడిది అచ్చులతో అద్దకం. టేకు చెక్క మీద అచ్చు చెక్కుతారు, నలుపుకొకటి, ఎరుపుకొకటి, రంగుకో అచ్చు. అద్దేవాడు ఒక అచ్చు వేసి, దాని పక్కనే మళ్ళీ వేసి, బట్ట పొడవునా పోతూనే ఉంటాడు. తీగ ఒకటి అచ్చు కుడి అంచు దాటి బయటికి పోతే, అది ఎడమ అంచులో సరిగ్గా అదే ఎత్తున లోపలికి రావాలి. లేదంటే బట్ట మీద ప్రతి జానెడుకీ ఒక చోట తీగ తెగుతుంది. చెక్కేవాడు ముందే ఆ లెక్క చూసుకుంటాడు. ఇది మన అట్టముక్క లెక్కే. డిజైను గీసుకునే దశలోనే ఇంక్‌స్కేప్‌లో పెట్టి పరిచి చూస్తే, అతుకు ఎక్కడ కనిపిస్తుందో చెక్క మీద ఉలి పెట్టకముందే తెలుస్తుంది. పక్క వరసని సగం కిందికి దించాలనుకుంటే షిఫ్ట్ అనే చోట 50 శాతం అని పెడితే చాలు. బ్లౌజు గుడ్డల డిజైన్లు చేసేవాళ్ళు, కంప్యూటరు ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళు ఈ ఒక్క అలవాటు చేసుకుంటే బోలెడు గుడ్డ మిగులుతుంది.

కృత్రిమ మేధతో బొమ్మలు గీయించే రోజులు కదా, దాన్నే అడిగితే పోదా అని మీకు తట్టి ఉంటుంది. అడిగి చూడండి. ఎషర్ తరహా అని అడిగితే చేపలూ పక్షులూ కలిసిన బొమ్మ ఒకటి ఇస్తుంది. దూరం నుంచి నిజమే అనిపిస్తుంది. ఆ బొమ్మలో ఒక్క చేపని కత్తిరించి పక్క చేప మీద పెట్టండి. చాలాసార్లు రెండూ ఒకలా ఉండవు. ఒకదానికి రెక్క చిన్నది, ఇంకోదానికి తోక రెండు చీలికలు. అది టెసలేషన్ చూసి గుర్తుపట్టింది గాని, టెసలేషన్ చేయలేదు. నేను ఇప్పటిదాకా చెప్పిన పనిముట్లకి చేప అంటే ఏమిటో తెలియదు, కాని అంచు అంటే తెలుసు. ఈ పనికి నాకు రెండో రకమే కావాలి.

మరి చేప ఎక్కణ్ణించి రావాలి? మన కళ్ళలోంచి. అంచు వంచాక వచ్చిన ఆకారాన్ని నాలుగు వైపులా తిప్పి చూడాలి. ఒక వైపు నుంచి ఏమీ ఉండదు. ఇంకోవైపు తిప్పగానే ముక్కు కనిపిస్తుంది. ముక్కు ఉన్నచోట కన్ను పెట్టండి, బొమ్మకి ప్రాణం వస్తుంది. అప్పుడు ముక్కుకి తగ్గట్టు అంచుని కొద్దిగా సర్దాలి. సర్దితే అవతలివైపు తోక చెడుతుంది, ఎందుకంటే అది కూడా అదే అంచు! మళ్ళీ తోక సర్దాలి. ఎషర్ జీవితకాలంలో ఇలా సంఖ్యలు వేసి పెట్టుకున్న చిత్రాలు 137. పరచడం అతనికీ విసుగే, మనకి ఆ విసుగు తప్పింది. ముక్కూ తోకా కుదిరేదాకా కూర్చోవడం మాత్రం ఏ మీటా తప్పించలేదు. అది తప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రంగుల గురించి ఒక మాట. పక్కపక్కనున్న రెండు టైళ్ళకి ఒకే రంగు రాకూడదు, వస్తే ఆకారం పోతుంది. చదరం నుంచి పుట్టించిన వాటికి చదరంగం బల్లలా రెండు రంగులు చాలు. ఒక చుక్క దగ్గర మూడు టైళ్ళు కలిసే చోట రెండు సరిపోవు, మూడోది కావాలి. ఎషర్ 1943లో వేసిన రెప్టైల్స్ అనే ముద్రణ చిత్రంలో బల్లులు కాగితంలోంచి బయటికి పాకి మళ్ళీ కాగితంలోకి వెళ్ళిపోతుంటాయి. ఆ కాగితం మీద ఉన్న బల్లులకి మూడు ఛాయలు. అవి షడ్భుజిలోంచి పుట్టినవి మరి. ఇంకో సంగతి, తెర మీద టైళ్ళ మధ్య సన్నని తెల్లగీతలు కనిపిస్తే కంగారు పడకండి. బాగా పెద్దది చేసి చూడండి. గీత కూడా పెద్దదైతే నిజమైన సందు. ఎంత పెద్దది చేసినా గీత అంతే సన్నగా ఉంటే అది తెర చేసే మోసం, అడుగున ముదురు రంగు పరిస్తే పోతుంది.

మొదట్లో పంచభుజిని సగంలో వదిలేశాం. అన్నీ సమానంగా ఉన్న పంచభుజి నేలని నింపదు సరే, వంకర పంచభుజులు కొన్ని నింపుతాయి. ఏవేవి? 1918లో జర్మనీలో కార్ల్ రైన్‌హార్ట్ ఐదు రకాలు కనుక్కున్నాడు. 1968లో కెర్షనర్ ఇంకో మూడు చేర్చి, ఇక అయిపోయాయన్నాడు. 1975లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో ఈ సంగతి రాశాడు. అది చదివి రిచర్డ్ జేమ్స్ అనే పాఠకుడు తొమ్మిదో రకం పంపించాడు. ఆ కబురు కూడా అచ్చయింది, శాన్ డియేగోలో మార్జొరీ రైస్ అనే గృహిణి కంటపడింది. ఆ పత్రిక కొడుకు కోసం తెప్పిస్తున్నది. ఐదుగురు పిల్లల తల్లి, చదువు హైస్కూలుతో సరి. వంటగది గట్టు మీద బొమ్మలు గీసుకునేది, ఎవరైనా వస్తే కాగితాలు కప్పేసేది. గణితం గుర్తులు రావు కాబట్టి తనకి అర్థమయ్యే గుర్తులు తానే కల్పించుకుంది. 1976, 77లలో ఒకటి కాదు, నాలుగు కొత్త రకాలు కనుక్కుంది. డోరిస్ షాట్‌ష్నైడర్ అనే గణిత ఆచార్యురాలు ఆ గుర్తుల్ని విప్పి, సరిచూసి, లోకానికి చెప్పింది. వాషింగ్టన్‌లో అమెరికా గణిత సంఘం కార్యాలయం వాకిట్లో ఆమె కనుక్కున్న ఒక కూర్పుతోనే టైళ్ళు వేశారు. 1985లో పద్నాలుగోది దొరికింది. 2015లో పదిహేనోదాన్ని ముగ్గురు పరిశోధకులు కంప్యూటరుతో వెతికి పట్టుకున్నారు. 2017లో మికాయెల్ రావ్ అనే ఫ్రెంచి గణితవేత్త, లోపలికి వంగిన మూల లేని పంచభుజుల్లో ఇంతకు మించి లేవని, అదీ కంప్యూటరు సాయంతోనే, తేల్చాడు.

ఈ వరసలోనే ఇంకో మనిషి. ఇంగ్లండులో బ్రిడ్లింగ్టన్ అనే సముద్రతీరపు ఊళ్ళో డేవిడ్ స్మిత్ అని, ప్రింటింగు పనిచేసి రిటైరైనవాడు. ఆకారాలతో ఆడుకోవడం ఆయన సరదా. ఇంటర్నెట్‌లో దొరికే ఒక ఉచిత పజిల్ సాఫ్ట్‌వేర్‌తో ఆకారాలు కూర్చుతుండగా 2022 నవంబరులో ఒకటి ఆయనకి విచిత్రంగా తోచింది. 13 భుజాలు, చూడ్డానికి టోపీలా ఉంటుంది. తెర మీద పరుస్తున్నాడు, నింపుతోంది, కాని ఎక్కడా ఒకే కూర్పు వరసగా తిరిగి రావట్లేదు. తెరని నమ్మి ఊరుకోలేదాయన. అట్ట తీసుకుని ఆ ఆకారాన్ని కత్తిరించి బల్ల మీద పరిచి చూశాడు. తరవాత కాప్లన్‌కి రాశాడు, ఇందాక చెప్పిన టాక్‌టైల్ కాప్లనే.

దాని విలువ తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి. మన అల్లికలన్నీ ఒక చోటినుంచి ఎత్తి ఇంకో చోట పెడితే సరిగ్గా అమిరిపోతాయి. అలా ఎప్పటికీ అమరకుండా నేలని నింపే టైళ్ళు ఉంటాయా అన్నది ప్రశ్న. 1966లో రాబర్ట్ బర్జర్ ఉంటాయన్నాడు, కాని ఆయన మొదటి జట్టులో టైళ్ళ రకాలు 20,426! 1974లో పెన్‌రోజ్ దాన్ని రెండుకి దించాడు. ఒక్కటితో సాధ్యమా అన్నది అప్పటినుంచి అలాగే నిలిచిపోయింది. 2023 మార్చిలో స్మిత్, కాప్లన్, ఇంకో ఇద్దరు కలిసి ఆ టోపీతో సాధ్యమేనని ప్రకటించారు. అందులో కొన్ని టోపీల్ని బోర్లించాల్సి వస్తోంది కదా, బోర్లించింది ఇంకో టైలు కిందే లెక్క అని కొందరు పేచీ పెట్టారు. మే నెలకల్లా బోర్లించే అవసరం లేనిది కూడా తీసుకొచ్చి చూపించారు. ఇప్పుడా టోపీ ఆకారాన్ని ఎవరైనా దింపుకుని అచ్చు తీసుకోవచ్చు. ఇంటర్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక ఇరవై ముప్ఫై కత్తిరించి ఇవ్వండి. సెలవు రోజు సాయంత్రం దాకా మీ జోలికి రారు.

సమయం దగ్గరపడింది, మీకు ఒక పని ఒప్పజెప్పి సెలవు తీసుకుంటాను. జియోజీబ్రాలో పిల్లలు గీసే ఇల్లు బొమ్మ గీయండి. కింద గచ్చు, రెండు పక్కలా గోడలు, పైన కోసు కప్పు. అది పంచభుజే. రైన్‌హార్ట్ ఐదు రకాల్లో మొదటి రకం కింద వస్తుంది. గచ్చు నడిమి చుక్క చుట్టూ దాన్ని సగం తిప్పితే, ఒక ఇంటి కింద ఇంకో ఇల్లు తలకిందులుగా వేలాడుతూ ఆరు భుజాల బొమ్మ అవుతుంది. అటూ ఇటూ, పైకీ కిందికీ ఆ జంటనే జరుపుతూ పరవండి. కప్పు కొన ఒక పక్కకి లాగండి. ఒక గోడ పొట్టిది, ఇంకోటి పొడుగుది చేయండి. గచ్చు వాలుగా పెట్టండి. గోడలు రెండూ సమాంతరంగా ఉన్నంతవరకూ ఏ సందూ పడదు. ఆ తరవాత ఒక గోడని కొద్దిగా బయటికి వాల్చి, సందు ఎక్కడ తెరుచుకుందో చూడండి. అదే పంచభుజిని ఇంకోలా తిప్పి ఆ సందు పూడ్చగలరేమో ప్రయత్నించండి. కొన్ని వాలుల దగ్గర పూడుతుంది కూడా.